ఎడమ చేతి బొట్టు

ఆయన పోయాడని మేఘన ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను మొదట అడిగిన మాట, "పోయేముందు నా గురించి ఏమైనా అన్నాడా?" అని.

"నాకు తెలీదు ఆంటీ. నాకు ఈమెయిల్ వచ్చింది, అంతే. కాలేజ్‌లో మెమోరియల్ పెడుతున్నారు. లిస్టులో మీ పేరు కూడా ఉంది."

"సరిగ్గా రాశారా?"

"రాశారు ఆంటీ. ఫుల్ నేమ్."

అయితే ఆ లిస్టు ఆయన రాయించింది కాదని తెలిసిపోయింది. పన్నెండేళ్ళ పరిచయంలో, మూడు సినిమాలకి పక్కన కూర్చోబెట్టుకుని పని చేయించుకుని కూడా, ఆయన నన్ను ఒక్కసారీ పేరు పెట్టి పిలవలేదు. "కంటిన్యుటీ!" అని కేకేసేవాడు, మన ఆఫీసుల్లో "ప్యూన్!" అని కేకేసినట్టు. కాబట్టి నేనూ ఇక్కడ ఆయన పేరు రాయను. చెల్లుకి చెల్లు. స్కాట్లండ్ నుంచి వచ్చిన సినిమా డైరెక్టరు అంటే చాలు. తెలిసినవాళ్ళకి తెలుస్తుంది. తెలియనివాళ్ళు తెలుసుకోనక్కర్లేదు.

ఆయన జీవితచరిత్ర కావాలంటే పత్రికల్లో సంతాప వ్యాసాలున్నాయి. నాకు వాటి మీద నమ్మకం లేదు. ఆయన తండ్రి సముద్రంలో చేపలు పట్టేవాడని ఒక పత్రిక రాసింది. నాతో లెక్కల మాస్టారని చెప్పాడు. కెమెరామన్‌తో శవపేటికలు చేసే వడ్రంగి అన్నాడు. మూడూ నా నోట్‌బుక్కుల్లో తారీఖులతో సహా ఉన్నాయి. ఒకరోజు భోజనాల వేళ మూడూ చదివి వినిపించాను. ఆయన చెవి తమ్మె గోక్కుని, "ముగ్గురూ మంచివాళ్ళే" అన్నాడు.

ఒక్క సంగతి మాత్రం అందరికీ ఒకేలా చెప్పేవాడు. వయసులో ఉండగా తన దేశంలో తీసిన రెండు సినిమాలు చూసి కాలిఫోర్నియా వాళ్ళు పిలిపించారట. తీరా తీశాక సినిమా చేతిలోంచి లాక్కుని, వాళ్ళకి కావలసినట్టు వాళ్ళే కత్తిరించుకున్నారట. ఎడిటింగ్ గది తలుపుకి కొత్త తాళం వేశారని, అది ఇత్తడి తాళమని, ఎన్నిసార్లు చెప్పినా ఇత్తడి ఇనుము కాలేదు. ఆ తర్వాతే దేశానికి ఈ కొసకి వచ్చి, న్యూజెర్సీలో కాలేజీ పిల్లలకి పాఠాలు చెబుతూ, దొరికినప్పుడల్లా చిన్న సినిమాలు తీసుకున్నాడు. తండ్రులు మారతారేమో గానీ అవమానాలు మారవు. అది నాకు తెలిసిన విషయమే.

నాకు ఆయన తగిలింది నా పార్కింగ్ స్థలంలో. ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్ల మధ్య సినిమా తీస్తామని వచ్చి, ఆయన మనుషులు నా స్థలంలో తెల్ల వ్యాన్ పెట్టారు. నేను అప్పట్లో ఒక మందుల కంపెనీలో బ్యాచ్ రికార్డులు తనిఖీ చేసేదాన్ని. మందు తయారైన ప్రతి మెట్టూ ఎవరు, ఎప్పుడు, ఎలా చేశారో కాగితం మీద ఉందా లేదా చూడటమే నా ఉద్యోగం. రాయనిది జరగనట్టే అన్నది అక్కడి సూత్రం. ఆ అలవాటు కొద్దీ రెండు వైపులా నిండేలా ఫిర్యాదు రాశాను. వ్యాన్ ఎన్నింటికి వచ్చింది, డ్రైవర్ ఎడమ చేతిలో కాఫీ, కుడి బొటనవేలికి బ్యాండెయిడ్, దిగి మా గులాబీ మొక్క మీద కాలు వేయడం, అన్నీ.

అంతకు ముందు నేను అపార్ట్‌మెంట్ ఆఫీసుకి రాసిన ఫిర్యాదులు ఎన్నో ఉన్నాయి. మొదటి రెండు లైన్లు చూసి పక్కన పెట్టేవారు. దీన్ని డైరెక్టరు చేతికే ఇచ్చాను. ఆయన నిలబడి మొత్తం చదివాడు. కాగితం తిప్పి వెనక వైపు కూడా చదివాడు. మడిచి కోటు జేబులో పెట్టుకుని, కోటు బొత్తాలు పెట్టేసుకుని అడిగాడు.

"నువ్వొచ్చినప్పుడు నా మఫ్లర్ ఎక్కడుంది?"

ఇంగ్లీషులో నువ్వూ మీరూ ఒకటే అంటారు. ఆయన గొంతులో అది ఎప్పుడూ నువ్వే.

"మెడలో లేదు. ఎడమ జేబులోంచి వేలాడుతోంది. ఆకుపచ్చది. చివర నూలు పోయింది."

"రేపు ఆరింటికి వచ్చెయ్" అన్నాడు.

అలా నేను సెలవులు పెట్టుకుని సినిమాలో చేరాను. వ్యాన్ మాత్రం పదకొండు రోజులు అక్కడే ఉంది. ఆ సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు.

నా పని చెప్పాలి. సినిమాలో ఒకే సంభాషణని దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి, ఒక్కోసారి రోజులు గడిచాక తీస్తారు. అప్పుడు కప్పు ఏ చేతిలో ఉంది, జడ భుజానికి ముందుందా వెనకుందా, గ్లాసులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయి, ఎవరో ఒకరు రాసి పెట్టుకోవాలి. తేడా వస్తే తెర మీద కనిపిస్తుంది. అదే కంటిన్యుటీ. ఈ పని చేసేవాళ్ళ మీద అందరూ విసుక్కుంటారు. నాకది అలవాటే.

ఆయన జూలైలో కూడా ఉన్ని కోటు వేసుకునేవాడు. "యాక్షన్" అనేవాడు కాదు. "సరే మరి, ఇక" అని గొణిగేవాడు, చావు ఇంటి నుంచి లేచి వెళ్ళేవాడిలా. పొద్దున్నే ఓట్స్‌లో పంచదార వేసుకోకుండా ఉప్పు వేసుకుని తినేవాడు. అందుకు ఒక పూట ఆయన మీద కాస్త గౌరవం కలిగింది. మా ఆయన నా డబ్బాలో పెట్టిన ఉప్మాని ఈ డైరెక్టరు చెంచాడు తిని చూసి, "ఇది మా గంజే. బాగా చదువుకుంది" అన్నాడు. తర్వాత నా డబ్బా రోజూ సగం ఖాళీగా ఉండేది. అడిగి తీసుకున్నది మొదటి రోజు మాత్రమే.

బాగుందని ఎవరికీ చెప్పేవాడు కాదు. బాగుంటే తర్వాతి షాట్‌కి వెళ్ళిపోయేవాడు. బాగోకపోతే చెవి గోక్కునేవాడు. రోజు చివర నా నోట్‌బుక్ తీసుకుని, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, ప్రతి పేజీ చదివేవాడు. ఏమీ అనకుండా కింద సంతకం పెట్టి తిరిగి ఇచ్చేవాడు.

ఇక అసలు గొడవ. ఆ మొదటి సినిమా కథ ఇద్దరు తెలుగు స్నేహితురాళ్ళది. వీసా అయిపోయి ఒకామె ఇండియా వెళ్ళిపోతుంటే, రెండో ఆమె గుమ్మంలో ఆపి బొట్టు పెట్టి పంపిస్తుంది. బొట్టు పెట్టే పాత్ర మేఘనది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, అప్పటికి కాలేజీ దాటి ఏడాదైంది. పుట్టుకతో ఎడమ చేతి వాటం. బొట్టు పెట్టడం నేనే నేర్పాను. భరిణె ఎడమ చేతిలో, కుడి చేతి ఉంగరపు వేలితో కుంకుమ. దూరం షాట్‌లో చక్కగా కుడి చేత్తో పెట్టింది. దగ్గర షాట్‌కి వచ్చేసరికి మొదలైంది తంటా. చేయి కుడిదే, కానీ కళ్ళల్లో ఆ చేయి గురించిన భయం. పదకొండు టేకులు తీశారు. ఆయన పదకొండు సార్లు చెవి గోక్కున్నాడు.

పన్నెండో టేకుకి కిటికీలోంచి ఎండ వచ్చి ఎదుటామె నుదుటి మీద పడింది. మేఘన అలిసిపోయింది. భరిణె కుడి చేతిలోకి మారింది, ఎడమ చేత్తో బొట్టు పెట్టేసింది.

"సరే మరి. తర్వాతిది" అన్నాడాయన.

"కాదు. ఎడమ చేయి" అన్నాను.

"చూశాను."

"దూరం షాట్‌లో కుడి చేయి. కలవదు."

"ఎవరూ చేతులు చూడరు."

"మా వాళ్ళు చేతులే చూస్తారు. ఎడం చేత్తో మేము ఎవరికీ ఏమీ ఇవ్వం. బొట్టు అసలే పెట్టం. వెళ్ళిపోయే మనిషికి అది అవమానం."

ఆయన విన్నాడు. మొత్తం విన్నాడు. నోట్‌బుక్ చూపించి, "రాసుకో" అన్నాడు. రాసుకున్నాను. పన్నెండు గంటల ఇరవై నిమిషాలు.

సినిమాలో ఆ పన్నెండో టేకే పెట్టాడు. పైగా చివర్లో పేర్లు పడేటప్పుడు "కంటిన్యుటీ, తెలుగు ఆచారాల సలహాదారు" అని నా పేరు వేశాడు. ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు లేకుండా. తప్పు వేసినా బాగుండేది.

సినిమా ఇక్కడి మనవాళ్ళందరూ చూశారు. తర్వాతి వారం ఐసెలిన్‌లో చీరల కొట్లో మా తెలుగు సంఘం పెద్దావిడ ఎదురైంది.

"ఏమ్మా, తెర మీద నీ పేరు చూసి మురిసిపోయాం. ఎడం చేత్తో బొట్టు పెట్టడం ఏ ఊరి ఆచారం తల్లీ?"

"నేను వద్దనే చెప్పానండీ. ఆయన వినలేదు."

"అయ్యో, పోనీలే. దగ్గర కూర్చున్నవాళ్ళకి దూరం కనపడదంటారు." చీర మడత పెడుతున్న కొట్టతను తల దించుకుని నవ్వాడు. నీలం చొక్కా, పై బొత్తం లేదు.

ఆ ఏడంతా పేరంటాలకి వెళితే భరిణె నా చేతికిస్తూ, "కుడి చేయి ఏదో గుర్తుందిగా వదినా?" అనేవాళ్ళు. వారం వారం పిల్లలకి మన పద్ధతులు చెప్పే క్లాసు ఎనిమిదేళ్ళుగా నాది. ఆ ఉగాదికి ఇంకొకావిడకి ఇచ్చారు. "మీరు సినిమాల్లో బిజీ కదండీ" అన్నారు. నాకు కావలసింది ఒక్కటే. ఆయన పదిమందిలో, "ఆవిడ చెప్పింది, నేను వినలేదు" అనాలి. ఆరు మాటలు కూడా లేవు.

అనలేదు. న్యూయార్కులో సినిమా వేసి, తర్వాత ఆయన్ని ప్రేక్షకులతో మాట్లాడించారు. నేను మూడో వరసలో ఉన్నాను. గుండ్రటి కళ్ళద్దాల కుర్రాడు లేచి, దూరం షాట్‌లో కుడి చేయి, దగ్గర షాట్‌లో ఎడమ చేయి ఉంది, స్నేహితురాలు వెళ్ళిపోవడంతో లోకం తలకిందులైందని చెప్పడానికేనా అని అడిగాడు. ఆయన చెవి గోక్కున్నాడు.

"అలా చూశావన్నమాట. సంతోషం" అన్నాడు.

అంతే. పత్రికలన్నీ అదే రాశాయి. తప్పయితే నాది, గొప్పయితే ఆయనది. రెండేళ్ళయ్యాక ఒక ఇంటర్వ్యూలో, "ఆ చేతి కోసం పదకొండు టేకులు ఎదురుచూశాను" అన్నాడు. పదకొండు అని ఆయనకెలా తెలుసు? నా నోట్‌బుక్‌లోంచి.

ఆయనకి మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి, రెండోదానికి జవాబు లేదు. మూడోదానికి పోస్టుకార్డు వచ్చింది. ముందు వైపు వానలో తడుస్తున్న గొర్రెలు. వెనక వైపు రెండు లైన్లు. "మార్చిలో ఇంకో సినిమా. నోట్‌బుక్కులు కొనుక్కో."

"వెళ్ళకు. మానెయ్" అన్నాడు మా ఆయన.

"వెళ్తాను. ఈసారి ఒక్క తప్పు దొర్లనివ్వను. అప్పుడు తెలుస్తుంది, మొదటిది ఎవరి తప్పో."

"నీకు ఆయన మీద ఉన్న పట్టుదలలో పావు వంతు నా మీద ఉంటే నేను ఈపాటికి బాగుపడేవాణ్ణి."

రెండో సినిమాకి, మూడో సినిమాకి అలాగే చేశాను. కొవ్వొత్తి ఎంత కరిగిందో స్కేలుతో కొలిచాను. నటుడి గడ్డం మూడు రోజులదా నాలుగు రోజులదా అని మేకప్ అతనితో పోట్లాడి గెలిచాను. రెండు సినిమాల్లో భూతద్దం పెట్టినా తేడా దొరకదు. ఆయన ప్రతి సాయంత్రం నోట్‌బుక్ మొత్తం చదివాడు, తిరిగి ఇచ్చాడు. బాగుందనలేదు. బాలేదనీ అనలేదు. మూడోది అయిపోయిన రోజు కోటు తొడుక్కుంటూ, "పదును తగ్గలేదు" అన్నాడు. నన్నో, పక్కనున్న కూరగాయల కత్తినో, ఇప్పటికీ తెలియదు. అది కూడా రాసి పెట్టుకున్నాను.

ఇప్పుడు మెమోరియల్. మేఘన నటన ఎప్పుడో మానేసింది. వర్జీనియాలో, హెర్న్‌డన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చి నన్ను కార్లో ఎక్కించుకుంటానంది. నేను పాత నోట్‌బుక్ సంచిలో పెట్టుకుంటుంటే మా ఆయన చూశాడు.

"చచ్చినవాడి మీద కూడానా?"

"బతికున్నప్పుడు అవకాశం ఇవ్వలేదుగా."

కాలేజీ హాలు నిండింది. వేదిక మీద ఆయన ఫోటో, కోటుతో. ఆకుపచ్చ మఫ్లర్ మెడలో ఉంది. ఎవరో ఫోటో కోసం సరిచేసి ఉంటారు. విద్యార్థులు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. తర్వాత ఆ దృశ్యం వేశారు. గోడంత ఎడమ చేయి, గోడంత కుంకుమ. ముందు వరసలో ఒక అమ్మాయి, ఆ చేయి చూశాకే సినిమాల్లోకి రావాలనుకున్నానని ఏడ్చింది. మేఘన నా పక్కన తల వంచుకుని కూర్చుంది.

ఇంకెవరైనా మాట్లాడతారా అన్నారు. నేను లేచాను. వేదిక ఎక్కి, నేనెవరో చెప్పి, పేజీ తెరిచి చదివాను.

"టేకు ఒకటి, కుడి చేయి, సరి. డైరెక్టరు చెవి గోక్కున్నారు. టేకు రెండు, కుడి చేయి, సరి. డైరెక్టరు చెవి గోక్కున్నారు. టేకు మూడు, కుడి చేయి, సరి. విమానం చప్పుడు. డైరెక్టరు విమానం వైపు చూసి చెవి గోక్కున్నారు."

మూడో టేకుకే నవ్వులు మొదలయ్యాయి. ఆరో టేకుకి చప్పట్లు.

"నేను నవ్వించడానికి చదవడం లేదు" అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు.

"టేకు పన్నెండు. ఎడమ చేయి. తప్పు. డైరెక్టరుకి చెప్పాను. ఆయన విన్నారు. మార్చలేదు."

హాలంతా లేచి నిలబడింది. పన్నెండేళ్ళు మోసిన ఫిర్యాదు అది. దిగి వస్తుంటే కాలేజీ సినిమా శాఖ అధిపతి, తెల్ల జుట్టావిడ, నన్ను కావలించుకుంది. "ఆయన మీద ఇంత ప్రేమగా ఈ రోజు ఎవరూ మాట్లాడలేదు" అంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. ఆ పేజీ కాపీ కావాలంది, గోడకి పెట్టుకోవడానికట. ఇవ్వనన్నాను.

తిరిగి వస్తుంటే చిన్న వాన మొదలైంది. కార్లో మేఘనే మొదలుపెట్టింది.

"ఆంటీ, ఆయనకి తెలుసు."

"ఏం తెలుసు?"

"మీరు కరెక్ట్ అని. ఆ రోజు లంచ్‌లో నేను ఆయన దగ్గరకి వెళ్ళాను. ఆంటీ అప్‌సెట్ అయ్యారు, మళ్ళీ చేస్తాను అన్నాను. ఆయన చెప్పాడు, 'ఆవిడ చెప్పింది రైటే. కానీ కుడి చేత్తో నువ్వు పాఠం అప్పజెప్తున్నావు. ఎడం చేత్తో ఫ్రెండ్‌ని పంపిస్తున్నావు. నాకు అదే కావాలి' అని."

"ఆ మాట నాతో అనడానికేం?"

"నేనూ అడిగాను. మీకు చెప్పొచ్చు కదా అని." మేఘన వైపర్ వేసింది. "చెప్తే ఆవిడ కూల్ అయిపోతుంది అన్నాడు. కూల్ అయినవాళ్ళు ఏమీ చూడరంట. 'నాకు ఇంకో రెండు సినిమాలు ఉన్నాయి, ఆ కోపం నాకు కావాలి' అన్నాడు. సీరియస్‌గా అన్నాడు ఆంటీ. జోక్ కాదు."

నేను కొలిచిన కొవ్వొత్తులు గుర్తొచ్చాయి. గడ్డం కోసం పడ్డ పోట్లాట గుర్తొచ్చింది. ఆ రెండు సినిమాలూ ఆయన మీద కసితో చేశాననుకున్నాను. ఆయన దాన్ని ముందే లెక్క వేసి పెట్టుకున్నాడు, లైట్లూ కెమెరా పెట్టుకున్నట్టు.

"పన్నెండేళ్ళు. నువ్వెందుకు చెప్పలేదు?"

"ఆయన చెప్పొద్దన్నాడు. అది ఒకటి." వైపర్ రెండు సార్లు తిరిగింది. "ఇంకోటి, మీ కోపం ఆయన మీద ఉంటే నా మీద ఉండదు కదా ఆంటీ. చేయి నాదే కదా. సారీ."

ఉగాది క్లాసు గుర్తుంది, చీరల కొట్లో నవ్వు గుర్తుంది. అవి నేనొక్కదాన్నే పడ్డాను. ఆయనా పడలేదు, ఈ పిల్లా పడలేదు. క్షమించానని ఎవరూ అనుకోవద్దు.

సంచిలోంచి నోట్‌బుక్ తీసి, వెనక ఖాళీగా ఉన్న పేజీ తెరిచాను.

"ఏం రాస్తున్నారు?"

"నువ్వు రోడ్డు చూడు."

తారీఖు వేశాను. రూట్ వన్, సాయంత్రం నాలుగు ముప్ఫై అయిదు, చిన్న వాన. మేఘన స్టీరింగ్ మీద ఎడమ చేయి. కుడి చేత్తో కళ్ళు తుడుచుకుంది, రెండు సార్లు. ఆమె చెప్పిన మాటలు, ఆయన చెప్పాడన్న మాటలు, ఒక్కటీ వదలకుండా రాశాను. పేజీ నిండితే తిప్పి వెనక వైపు కూడా రాశాను. అలవాటు కొద్దీ చివర ఆయన చదివి సంతకం పెట్టే చోటు వదిలాను.